బానెట్ మీద చెయ్యి

24 ఫిబ్రవరి 2009, మంగళవారం

చలమయ్య పోయాడు. ముప్పై అయిదేళ్ళ కిందట నలుగురిలో అన్న మాట వెనక్కి తీసుకోకుండానే పోయాడు. నిన్న శివరాత్రి. శివరాత్రి నాడు పోయాడు, ఎంత పుణ్యాత్ముడో అని ఊళ్ళో ఒకటే ఇదిగా చెప్పుకుంటున్నారు. కోటప్పకొండ దేవుడి పేరు పెట్టుకుని యలమందయ్యగా బతికింది నేను. ఆయన రోజున దర్జాగా పోయింది వాడు. దేవుడికి కూడా మనిషి ఆనవాలు తెలియటం లేదు.

నేను పోలేదు. మా అబ్బాయి పోయి వచ్చాడు.

ఒకసారి రాసి పెడతా. అరవై ఎనిమిది వచ్చాయి, మరుపు వస్తుందేమో. వస్తే రావచ్చు గానీ ఇది మాత్రం మరిచిపోకూడదు.

డెబ్బై నాలుగు వేసవి. సింగరాయకొండలో అక్క కూతురి పెళ్ళి. మేనమామని నేను. పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి పీటల దాకా మోసింది నేను. మగపెళ్ళివాళ్ళు అంబాసిడర్లో దిగారని అందరూ దాని చుట్టూ ఈగల్లాగా మూగారు. నేను ఉన్నమాటే అన్నా. "తెల్లోళ్ళ రోజుల్లోనే మా నాయనకి ఫోర్డు కారుండేది" అన్నా. మా బావ, అదే చలమయ్య, వక్కలు నములుతూ "ఉండేది బామ్మర్దీ, తుడవటానికి" అన్నాడు.

పందిరంతా నవ్వింది. బ్యాండు వాళ్ళు కూడా నవ్వారు.

మా అక్క రాఘవమ్మ అక్షింతల పళ్ళెం పట్టుకుని అక్కడే ఉంది. తల ఎత్తలేదు. "ఏందయ్యా ఆ మాట" అని మొగుణ్ణి ఒక్క మాట అడగలేదు. నేను విస్తరి ముందు కూర్చోకుండా వచ్చేశా. అప్పట్నుంచి ఆ గడప తొక్కలా. అక్కతో మాట్లాడలా.

వాడు అనటం సరే. పరాయి నోరు. అక్క ఎందుకు ఊరుకుంది?

25 ఫిబ్రవరి

చచ్చి తప్పించుకున్నాడు.

27 ఫిబ్రవరి, శుక్రవారం

మిరపకాయలు కళ్ళంలో తిరగేయిస్తుంటే అక్క మనవడు చైతన్యకృష్ణ మోటారుసైకిలు మీద వచ్చాడు. మంచి పొడగరి. చలమయ్య ముక్కు వచ్చింది వాడికి, పాపం.

"తాతయ్యా, పెద్దకర్మ గురువారం, అయిదో తారీకు. నాయనమ్మకి పుట్టింటి చీర మీరే తేవాలంట."

"ఎవరన్నారు?"

"నాయనమ్మే. ఇంకెవరున్నారు పుట్టింట్లో?"

"ఇన్నాళ్ళూ లేని పుట్టిల్లు ఇప్పుడు గుర్తొచ్చిందా?"

వాడు తుమ్మాడు. కారం ఘాటుకి అలవాటు లేనివాడు. కళ్ళు తుడుచుకుంటూ, "పోయినాయనతో మీకేమున్నా ఆయనతోనే పోయింది గదా తాతయ్యా" అన్నాడు.

"పోలేదురా. మీ తాత మోసుకుపోలేదు దాన్ని. నాకే వదిలిపోయాడు. మీ నాయనమ్మకి చెప్పు. ఆ కారు మా నాయనదేనని, మీ తాత అబద్ధం ఆడాడని, పెద్దకర్మకి వచ్చిన జనంలో తన నోటితో చెప్పమను. ఆ పూట చీర తెస్తా."

"భర్త పోయిన మనిషిని కర్మ రోజున ఆయన అబద్ధాలకోరని చెప్పమంటారా?"

"నా నాయన్ని అన్నప్పుడు నా మేనకోడలి పెళ్ళి రోజేగా."

మజ్జిగ తాగకుండానే పోయాడు. నన్ను చూసే నేర్చుకున్నట్టున్నాడు.

పుట్టింటి చీర పడకపోతే ఆడమనిషికి ఎట్టా ఉంటుందో నాకు తెలుసు. నా భార్య వాళ్ళక్కకి పడలేదు. ఆమె చచ్చేదాకా ఆ సంగతే చెప్పుకుంది. తెలిసే అన్నా ఆ మాట.

28 ఫిబ్రవరి, శనివారం

గుంటూరు హాస్టల్ నుంచి మనవరాలు అఖిల వచ్చింది. చైతన్యకి నేనన్న మాటలు కోడలు పూసగుచ్చినట్టు చెప్పినట్టుంది. పిల్ల నా మంచం మీద కూర్చుని, "తాతయ్యా, ఆ ఫోటో ఒకసారి తీయి" అంది.

ట్రంకుపెట్టె అడుగున పంచె మడతలో ఉంటుంది. అరచేయంత. అంచులు పురుగు కొట్టింది.

కారు. దాని బానెట్ మీద కుడిచెయ్యి వేసి మా నాయన. కోటు, తలపాగా. కారు మెట్టు మీద నిలబడి పదేళ్ళ అక్క. పక్కన అమ్మ. అమ్మ చంకలో నేను, ఏడాదిన్నర వాణ్ణి, తెల్లచొక్కా. నా చొక్కా మీద ఒక మరక ఉంది. చెమ్మకి పట్టింది.

"ఇది ఫోర్డు అని నీకెవరు చెప్పారు?"

"మా అక్క."

"ఈ వెనకాల డ్రమ్మేంది?"

"పెట్రోలుది. అప్పట్లో మన వైపు బంకులు ఎక్కడున్నాయి? మా నాయన సొంతానికి డ్రమ్ము పెట్టించాడు."

"ఇదీ రాఘవమ్మ అమ్మమ్మే చెప్పిందా?"

"ఆమె కాక ఎవరు చెబుతారు? నాకు మూడేళ్ళప్పుడు నాయన పోయాడు. ఏడాది తిరక్కుండా అమ్మ పోయింది. నాకు తెలిసిన నాయన అక్క చెప్పిన నాయనే."

చెయ్యి చూడు అని చూపించా. బానెట్ మీది చెయ్యి నల్లగా ఉంటుంది మణికట్టు దాకా. తొడుగు. దొరలు కారు నడిపేటప్పుడు వేసుకునే తోలు తొడుగు. మన జిల్లాలో తొడుగు వేసుకుని కారు నడిపిన రైతు ఇంకొకణ్ణి చూపించమను. ఈ సంగతి నేను చెప్పని మనిషి లేడు ఈ ఊళ్ళో.

"ఒక చేతికే ఉందేంది తాతయ్యా?"

"రెండోది కోటు జేబులో ఉండి ఉంటుంది. నీకు అన్నీ అనుమానాలే."

అప్పుడు ఆ పిల్లే అంది. బ్రాడీపేటలో ఫోటోలు కంప్యూటర్లో పెట్టి పెద్దవి చేసేవాళ్ళున్నారంట. పాత కార్ల సంగతి చెప్పే మెకానిక్కు కూడా ఉన్నాడంట. ఏ కారో, ఏ సంవత్సరమో తేలిపోతుంది అంది.

తేలనీ. పెద్దది చేయించి, అద్దం కట్టించి, కింద నాయన పేరు, కారు పేరు, యజమాని అని రాయించి పంపుతా. పెద్దకర్మలో చలమయ్య ఫోటో పక్కనే పెట్టుకోమంటా. దండ ఒకటే వేసుకుంటారో రెండు వేసుకుంటారో వాళ్ళిష్టం.

1 మార్చి

కళ్ళంలో పని. ఎండ బాగా కాసింది. రేపు గుంటూరు.

2 మార్చి, సోమవారం

ముందు బ్రాడీపేటలో స్టూడియో. అతని పేరు ప్రేమదాసు. మనిషి నెమ్మదస్తుడు. ఫోటోని గాజుపలక మీద బోర్లించాడు, అది కంప్యూటర్లోకి పోయింది. మా నాయన ముఖం అంత పెద్దదిగా నేను ఎప్పుడూ చూడలేదు. మీసం కింద పెదవి పగిలి ఉంది. ఆ సంగతి కూడా నాకు తెలియదు.

ఒక కాయితం మీద పెద్దది తీసి ఇచ్చాడు. అది పట్టుకుని హుస్సేన్ సాహెబు షెడ్డుకి పోయాం. ఎనభైకి దగ్గర్లో ఉన్నాడు. పనంతా కొడుకు సుభానీ చూసుకుంటాడు. ఈయన కుర్చీలో కూర్చుని చప్పుడు విని ఏ బండికి ఏం జబ్బో చెబుతున్నాడు.

కాయితంలో కారుని చూడగానే నవ్వాడు. "ఓహో, అమ్మాయి వచ్చింది. షెవర్లే. ముప్పై ఏడు, లేకపోతే ముప్పై ఎనిమిది."

"ఫోర్డు" అన్నా.

"కాదండీ. ఆ రేడియేటరుకి అటూ ఇటూ లైట్లు చూడండి, కోడిగుడ్లు అతికించినట్టు. ఈ ముందు కమ్ములు చూడండి. నేను దీని పొట్టలో పడుకుని పెరిగినవాణ్ణి. ఫోర్డు ముఖం వేరు."

"మా అక్క ఫోర్డు అని చెప్పింది."

"ఆడపిల్లకి ఏం తెలుస్తుందండీ. అప్పట్లో అన్నీ ఫోర్డులే జనానికి."

పోనీ అనుకున్నా. షెవర్లే అయితే మాత్రం తక్కువా? యజమాని యజమానే. డ్రమ్ము చూపించి పెట్రోలు సంగతి చెప్పబోయా. ఆయన నా మాట పూర్తి కానివ్వలా.

"బొగ్గు ప్లాంటు ఇది! అబ్బాయ్ సుభానీ, ఇట్టా రా, నేను చెప్పేవాణ్ణి కదా, చూడు. యుద్ధంలో పెట్రోలుకి కట్టడి అండీ. కూపన్లకి చుక్క చుక్క పోసేవాళ్ళు. అందుకని వెనక ఈ పొయ్యి కట్టి, బొగ్గు కాల్చి, ఆ పొగతో నడిపేవాళ్ళు. బస్సులన్నీ అట్టానే. కార్లు కొన్ని. అంటే ఈ ఫోటో నలభై రెండుకీ నలభై అయిదుకీ మధ్య."

అఖిల "నువ్వు ఏడాదిన్నరంటే నలభై మూడు తాతయ్యా, సరిపోయింది" అంది. ఆ పిల్ల లెక్క సరిపోయినందుకు సంతోషపడింది.

సాహెబు చెబుతూనే ఉన్నాడు. పొద్దున్నే నిప్పు వేయాలి. పంకా తిప్పాలి, చెయ్యి పడిపోయేదాకా. గంటకి గానీ బండి కదలదు. సాయంత్రం జల్లెళ్ళన్నీ విప్పి మసి దులపాలి. ఆ మసి సబ్బుకి పోదు. కిరసనాయిలుకి పోదు. అన్నం ముద్దకి కూడా అంటుకుంటుంది.

అని, ఆగాడు. కాయితం దగ్గరికి తెచ్చుకుని చూశాడు. నాకు ఆయన ఏం చూస్తున్నాడో తెలిసింది.

"అది తొడుగు" అన్నా.

 ఆయన చెయ్యి చాచాడు. గోళ్ళ సందుల్లో, గీతల్లో నలుపు. "యాభై ఏళ్ళు దాటింది నేను బొగ్గు ముట్టి. ఇది మాత్రం ఆయిలుది లెండి" అని నవ్వాడు. నేను నవ్వలా.

"మీ నాయనగారు మాలో మనిషి అయ్యా. మంచి డ్రైవరు అయి ఉండాలి. చేతకానివాడికి బొగ్గు బండి లొంగదు."

"డ్రైవరు కాదు. యజమాని."

"యజమాని చేతికి మసెందుకు అవుతుందండీ?" నెమ్మదిగానే అడిగాడు. ఎగతాళి లేదు. ఎగతాళి ఉంటే బాగుండేది, నాలుగు తిట్టి వచ్చేవాణ్ణి. "ఆ కోటు చూడండి, భుజాలు జారిపోయాయి. ఎవరిదో."

కాయితం లాక్కుని లేచా. ఆయన వెనక నుంచి, "ఎంత వయసులో పోయారు?" అని అడిగాడు. ముప్పై రెండు అని అఖిల చెప్పింది. ఎట్టా పోయారు అన్నాడు. నిద్రలోనే అంట అని అదే చెప్పింది. సాహెబు గడ్డం పట్టుకుని కూర్చున్నాడు. "ఆ గ్యాసుకి వాసన ఉండదమ్మా. షెడ్డు తలుపు మూసి నిప్పు వేస్తే తెలియకుండానే తీసుకుపోతుంది. మావాళ్ళు ఇద్దరు అట్టానే పోయారు."

రోడ్డు మీద అఖిల ఆటో ఆపింది. ఆటో ఎక్కబోతూ నేనే అన్నా, "ముసలాడికి చత్వారం" అని. "ఊఁ" అంది.

దారిలో బట్టల కొట్టు కనపడితే ఆపించి మంగళగిరి చీర ఒకటి తీసుకున్నా. నీరుకావి రంగు, సన్న అంచు. కొట్టు ఎదురుగా ఉంది కాబట్టి తీసుకున్నా. ఎవరికీ అని కాదు.

3 మార్చి, మంగళవారం, పొద్దున

రాయటానికేం లేదు.

అదే రోజు, మధ్యాహ్నం

మా నాయన కారు పక్కనే పడుకునేవాడంట. ఇల్లుండి, మంచం ఉండి, షెడ్డులోనే పడుకునేవాడంట. ఆ కారంటే అంత ప్రాణం అని అక్క చెప్పేది. ఒకరోజు అట్టా నిద్రలోనే పోయాడు, ఏ బాధా పడలా, తన కారు పక్కనే పోయాడు అని చెప్పేది. నేను దాన్ని ఎంతమందికి చెప్పానో. వస్తువంటే అంత ప్రేమ ఉండాలిరా అని మా అబ్బాయికి ట్రాక్టరు కొన్న రోజు కూడా చెప్పా.

షెడ్డు తలుపు మూసి.

పెద్దగా రాయటం నాకు రాదు. రెండో తరగతి. అది కూడా బడిలో కాదు. అమ్మ పోయాక పొదిలిలో మేనమామ ఇంట్లో ఉన్నాం. ఆ ఇంటి వెనకగోడ మీద బొగ్గుముక్కతో అక్క అక్షరాలు రాసి దిద్దించేది. అత్త చూసి గోడ కడగమనేది. అక్క కడిగి, మళ్ళీ రాసేది.

కారు సంగతి మొదట చెప్పింది ఎప్పుడో ఇవాళ జ్ఞాపకం వచ్చింది. ఇన్నాళ్ళూ రాలేదో, నేనే రానివ్వలేదో. పండక్కి అత్త పిల్లలకి కొత్త బట్టలు కుట్టించారు. నాకు వాళ్ళ పాత చొక్కా వేశారు, గుండీలు లేవు, పిన్నీసు పెట్టారు. పిల్లలు పిన్నీసు, పిన్నీసు అని వెంటబడ్డారు. నేను గడ్డివాము చాటున కూర్చుని ఏడుస్తుంటే అక్క వచ్చి, పమిట కొంగులోంచి ఈ ఫోటో తీసింది. "ఏడవకు. వీళ్ళకి ఎద్దుబండి ఉంది. మన నాయనకి కారుండేదిరా" అంది. "చూడు, చేతికి తొడుగు కూడా."

నేను లేచి, ముక్కు తుడుచుకుని, పోయి అందరికీ చెప్పా.

అప్పట్నుంచీ చెబుతూనే ఉన్నా.

పెళ్ళినాడు తల ఎందుకు ఎత్తలేదో ఇప్పుడు తెలిసింది. కాదు అంటే మొగుడు అబద్ధాలకోరు. అవును అంటే తను. పళ్ళెం పట్టుకుని నిలబడింది. నా కళ్ళల్లోకి చూస్తే నేను కనిపెడతానని భయపడి ఉంటుంది.

అయినా ముప్పై అయిదేళ్ళు టైముంది గదా. ఒక కార్డు ముక్క రాయొచ్చు. నాకు చదవటం నేర్పింది తనేగా.

అదే రోజు, సాయంత్రం

స్టూడియో ప్రేమదాసు అఖిలకి ఫోన్ చేశాడు. అఖిల నాకిచ్చింది.

"పెద్దాయనా, రేపు సాయంత్రం ఆరింటికి మీది ప్రింటు వేసేస్తాను, పొద్దున బస్సుకి అందుతుంది. మచ్చలన్నీ తుడిచేశాను. మీ నాయనగారి చెయ్యి నలుపు కూడా తుడవమంటారా? శుభ్రంగా వస్తుంది."

"దాన్ని ముట్టుకోవద్దు" అన్నా. గట్టిగానే అన్నట్టున్నా. కోడలు వంటింట్లోంచి వచ్చింది.

"సరే సరే. మరి అమ్మ చంకలో బాబు చొక్కా మీద మరక?"

"అది చెమ్మ. తుడిచెయ్."

"చెమ్మ అనే నేనూ అనుకున్నా. పెద్దది చేస్తే అంత చెమ్మ మాదిరి లేదండీ. నాలుగు చారలున్నాయి పక్కపక్కన. వేళ్ళ మాదిరి. చెమ్మయినా కావచ్చు, నేను కచ్చితంగా చెప్పలేను. తుడవమంటే తుడుస్తాను, ఉంచమంటే ఉంచుతాను. ఆరింటిలోగా చెప్పండి, లేకపోతే మీరన్నట్టు తుడిచేస్తాను. ప్రింటు వేశాక నా చేతిలో ఉండదు."

ఫోను పెట్టేశా.  కళ్ళంలో కాయలు ఎత్తటానికి పిలిచారు, పోలేదు.

రేపు పొద్దున అఖిల చేత సింగరాయకొండకి ఫోన్ చేయించి ఇది చదివిస్తా. నేను మాట్లాడను. ఇది మాత్రం చదివిస్తా. ఒక్క ముక్క తీయకుండా చదవమంటా.

రాఘవమ్మక్కా,

నేను యలమందయ్యని. ఇంకా బతికే ఉన్నా.

నీ మొగుడు అన్నది నిజమని నేను ఒప్పుకోవటం లేదు. కారు తుడిచేవాడన్నాడు. తుడవటం కాదు. నడిపాడు. నిప్పు రాజేసి, పొగ మింగి, ఎవరికీ లొంగని బండిని నడిపాడు. ఆ తేడా తెలియని మనిషి నీ మొగుడు. పోయినా నా కోపం పోలేదు.

నీ మీద కూడా పోలేదు. నువ్వు నాకు తొడుగు అని చెప్పావు. ఆరేళ్ళవాడికి చెప్పావు, సరే. నలభై ఏళ్ళవాడికి ఎందుకు చెప్పలేదు? మసి అని చెబితే నేను నాయన్ని తక్కువగా చూస్తానని అనుకున్నావా? అనుకునే ఉంటావు. చూసేవాణ్ణేమో కూడా. అది నీకూ నాకూ తెలుసు, దాని మీద ఇప్పుడు పంచాయితీ వద్దు.

జనంలో చెప్పమని పిల్లాడితో అన్నా గదా, ఆ మాట తీసేస్తున్నా. ఇంతవరకు నేను ఏ మాటా వెనక్కి తీసుకోలేదు, ఇది ఒకటి రాసిపెట్టుకో.

చీర సంగతి వేరు. చీర ఇంట్లో ఉంది. దాని గురించి నువ్వు నన్ను ఏమీ అడగొద్దు.

నాకు కావాల్సింది ఒక్కటే. ఆ ఫోటో తీసిన రోజు నువ్వు మెట్టు మీద నిలబడి ఉన్నావు. అంతా చూశావు. నన్ను అమ్మ చంకలో పెట్టకముందు నాయన ఎత్తుకున్నాడా? ఆ కుడిచేత్తో, కడుక్కోకుండా, ఎత్తుకున్నాడా? నా చొక్కా మీద ఉంది చెమ్మా, ఆయన వేళ్ళా?

నాకు ఆయన ముట్టుకున్న గుర్తు ఒక్కటి కూడా లేదు. నీకుంది, అమ్మకుండేది, ఆ కారుకి కూడా ఉండేది.

చెమ్మ అయితే చెమ్మ అని చెప్పు. నేను గడ్డివాము చాటున కూర్చుని లేను ఇప్పుడు. నా కోసమని ఏదీ కల్పించొద్దు. ఈసారి కల్పిస్తే నాకు తెలిసిపోతుంది.

ఇది నువ్వు వినేది బుధవారం, నాలుగో తారీకు. సాయంత్రం ఆరింటిలోగా నాకు జవాబు కావాలి. ఆరు దాటితే స్టూడియోవాళ్ళు తుడిచేస్తారు.